బయటివారి చేతిలో తాళంచెవి

సూరత్: వజ్రాల సానకు, కృత్రిమ పట్టు వస్త్రాలకు పేరొందిన ఈ నగరంలో లెక్కల సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే నిపుణుడు రైలెక్కి రావలసిన రోజులు పోయాయి. సరఫరాదారు తన కార్యాలయంలోనే కూర్చుని కంపెనీ నెట్‌వర్క్‌లోకి ప్రవేశించి లోపం సరిచేస్తున్నాడు. ఒక్కరోజు పని నిలిచినా కలిగే నష్టం తెలిసిన యజమానికి ఇది వరమే. అయితే పని ముగిశాక ఆ తలుపు ఎవరు మూస్తున్నారన్నదే ప్రశ్న.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2024 జులై నెలాఖరులో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ కంప్యూటర్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. టీసీఎస్, స్టేట్ బ్యాంకుల ఉమ్మడి సంస్థ అయిన సీ-ఎడ్జ్ చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలు అందిస్తున్నది. ముప్పు వ్యాపించకుండా జాతీయ చెల్లింపుల సంస్థ జులై 31న దానిని తన వ్యవస్థ నుంచి వేరు చేయవలసి వచ్చింది. దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు స్తంభించాయి. వాటిలో గుజరాత్ జిల్లా సహకార బ్యాంకులూ ఉన్నాయి. మరునాటికి సేవలు తిరిగి మొదలైనా, తప్పు బ్యాంకుది కాకున్నా తిప్పలు ఖాతాదారుకేనని తేలిపోయింది. సీ-ఎడ్జ్‌తో కలిసి పనిచేసే మరో సంస్థ సర్వర్‌లోని లోపం నుంచే దాడి మొదలైందని క్లౌడ్‌సెక్ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. అంటే సరఫరాదారుకు సరఫరాదారు!

అమెరికాలో 2013లో టార్గెట్ దుకాణాల నుంచి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు తస్కరించినవారు లోపలికి వచ్చింది శీతలీకరణ కాంట్రాక్టరు పాస్‌వర్డ్‌తోనే.

రిజర్వు బ్యాంకు 2023 ఏప్రిల్‌లో ఐటీ సేవల అప్పగింతపై ఆదేశాలు జారీ చేసింది. కాని మొదటి రెండు శ్రేణుల పట్టణ సహకార బ్యాంకులను అందులోంచి మినహాయించింది. భారం తగ్గించాలన్న ఉద్దేశం సబబే కావచ్చు. బలహీనులకే రక్షణ కొరవడడం మాత్రం విచిత్రం.

నివారణకు బ్రహ్మవిద్య అక్కరలేదు. పదిమందికి ఒకే పాస్‌వర్డ్ ఇవ్వకుండా ప్రతి నిపుణునికీ వేరు గుర్తింపు, దానిపై రెండో ధ్రువీకరణ ఉండాలి. కంపెనీ ఉద్యోగి అనుమతించినప్పుడే, నిర్ణీత గంటలకే ప్రవేశం దక్కాలి. మరమ్మతు చేయవలసిన యంత్రం తప్ప జీతాల పట్టీ, ఖాతా పుస్తకాలు అతనికి కనిపించరాదు. చేసిన పనంతా నమోదు కావాలి. కంప్యూటర్ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, దాడి తెలిసిన 6 గంటల్లో సమాచారమివ్వాలని సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది.

పెద్ద కర్మాగారాలకు ఈ ఖర్చు లెక్కలోనిది కాదు. చిక్కల్లా కంప్యూటర్ విభాగమే లేని మగ్గాల షెడ్లది. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలెన్నో బతుకుతున్నది ఈ మరమగ్గాల మీదనే. లెక్కలు తాళం పడితే ముందు ఆగేది కూలి డబ్బే. అటువంటి యజమాని వార్షిక నిర్వహణ ఒప్పందం తిరగరాసుకునేటప్పుడైనా ప్రవేశ షరతులను అందులో చేర్చవచ్చు. 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, సమాచారం సరఫరాదారు చేతిలో లీకైనా జవాబుదారీ దానిని సేకరించిన సంస్థదే. భద్రతా వైఫల్యానికి జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండవచ్చు.