ఒకటో తరగతిలోనే చెవి పరీక్ష: వైద్య ఆరోగ్య శాఖ కమిషనర్‌కు బహిరంగ లేఖ

కమిషనర్ గారికి,

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద మీ సంచార వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు ఏడాదికోసారి వెళ్లాలి. వారు చూడవలసిన వాటిలో వినికిడి లోపమూ ఉంది. కానీ వెనకనుంచి పిలిస్తే పిల్లవాడు తిరిగి చూసినంత మాత్రాన చెవులు బాగున్నట్టు కాదు. జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరిన బిడ్డకు గట్టి పిలుపు వినిపిస్తుంది, మెల్లగా పలికే అక్షరాలు జారిపోతాయి. ఆ బిడ్డ డిక్టేషన్‌లో తప్పులు రాసి మొద్దు అనిపించుకుంటుంది. ఈ వినికిడి లోపం చాలావరకు నయమయ్యేదే. కానీ పరీక్షకని చీటీ ఇచ్చి జిల్లా కేంద్రానికి పొమ్మంటే తల్లిదండ్రులకు ఒక రోజు కూలి పోతుంది. బిడ్డకు చెవుడన్న ముద్ర పడుతుందన్న భయం దానికి తోడు.

అందుకే ఒకటో తరగతిలో ప్రతి బిడ్డకూ చప్పుడు లేని గదిలో, వినికిడిని కొలిచే ఆడియోమీటర్‌తో, రెండు చెవులకూ విడివిడిగా పరీక్ష చేయించండి. ఫలితం తెలుగులో రాసివ్వండి. చెవిలో చీము కారేవారిని వెంటనే డాక్టరుకు చూపించండి. స్వల్ప లోపం ఉన్నవారికి కొన్ని వారాల తర్వాత అదే బడిలో మళ్లీ పరీక్ష జరపండి. పై ఆసుపత్రికి పంపితే దారి ఖర్చు శాఖే భరించాలి.