దివాలా కోర్టు గోడు వినువారెవరు?

అప్పులపాలైనవాడు కోర్టు కెక్కెననగానే "ఐ.పి. పెట్టినాడు" అని మన జిల్లాలలో లోకులు హేళన చేయుదురు. చీటీసొమ్ము మ్రింగి, ఆస్తిని ముందుగనే బావమరది పేర వ్రాసి, పిమ్మట ఐ.పి. పెట్టెడు ఘనుల మూలముననే యీ యపకీర్తి వచ్చినది. వారి పక్షమున మేము కలము పట్టుట లేదు. నిజముగ చితికిపోయిన చేనేతవానిని, చిల్లరవర్తకుని గూర్చి వ్రాయుచున్నాము.

1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమునకు సొంతకాళ్లు లేవు. తనలో వేరుగ చెప్పని విషయములందు దివాలా కోర్టు సివిలు కోర్టు పద్ధతినే యనుసరింపవలెనని దాని 5వ సెక్షను శాసించుచున్నది. 12వ సెక్షను ననుసరించి అర్జీపై సంతకమును, ధ్రువీకరణమును సివిలు దావాకువలెనే జరుగవలెను. కావున 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు నెప్పుడు సవరించినను, ఆ సవరణ తిన్నగ వచ్చి అప్పులవాని నెత్తిపై కూర్చుండును. సవరించినవారికి వాడు జ్ఞాపకమున నున్నట్లు కానరాదు.

2002 జూలై 1 నుండి అమలైన సవరణలనే చూడుడు. దావా పత్రమును ధ్రువీకరించువాడు అఫిడవిట్టు గూడ నీయవలెనని యొక నియమము చేరినది. దివాలా అర్జీకి నిది వలయునా, అక్కరలేదా? ఆ చట్టమున నొక్కముక్కయు చేర్చరైరి. ప్రతిపక్షపు ప్లీడరునకు మాత్రము వాయిదాకొక వాదము దొరకినది! ఆ సవరణలలోనే, 2,000 రూపాయలకు మించని డిక్రీకై ఋణస్థుని సివిలు జైలులో నుంచరాదనిరి. సంతోషము. కాని దివాలా చట్టపు 9వ సెక్షనులో 500 రూపాయల బాకీ గల ఋణదాత ఋణస్థుని దివాలా తీయింప అర్జీ పెట్టవచ్చునని 1920లో వ్రాసిన వ్రాత కేంద్రచట్టమున అట్లే యున్నది. జైలునకు చాలని బాకీ మనుష్యుని పరువు తీయుటకు చాలునా? రూపాయి విలువ పడిపోయినదని యొక చట్టమున నొప్పుకొనినవారు రెండవదానిని తెరచియైన చూడలేదు.

2016లో క్రొత్త దివాలా కోడు వచ్చినది గదా యందురు. కంపెనీలకు వచ్చినది. వ్యక్తులకై వ్రాసిన మూడవ భాగమును 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు హామీ నిలిచిన వ్యక్తులకు మాత్రమే వర్తింపజేసిరి. ఏడాదికి 60,000 రూపాయలకు మించని యాదాయమును, 20,000కు మించని యాస్తియు, 35,000కు మించని యప్పును గల నిరుపేదకు విముక్తి నొసగెడు సెక్షను అచ్చుకాగితముపైననే యున్నది. అది అమలైనను వాడు జిల్లాకోర్టును విడిచి ఋణవసూలు ట్రిబ్యునలునకు పోవలెను. పొందూరు నేతగాడు దారిఖర్చులు పెట్టుకొని విశాఖపట్టణము పోయి దివాలా తీయవలెనన్నమాట!

సివిలు కోడును సవరించు ప్రతి బిల్లులోను, ఆ సవరణ దివాలా కోర్టులకు వర్తించునో లేదో స్పష్టముగ వ్రాయవలెను. 9వ సెక్షను హద్దును వెంటనే పెంచవలెను. మూడవ భాగమును పేదలకు ఎన్నడు వర్తింపజేతురో తేదీ చెప్పవలెను. మన పార్లమెంటు సభ్యులలో నొక్కరైనను లేచి యీ తేదీ నడుగుదురా?