చెట్టెక్కే మనిషిని చూసి పిలవండి

"కొబ్బరి చెట్టుపై నుంచి జారిపడి కూలీ మృతి". ఈ తరహా వార్త జిల్లా పేజీలో నాలుగు లైన్లకు మించదు. పేరు, వయసు, ఊరు, భార్యాపిల్లలు వున్నారన్న ఒక ముక్క, పోలీసులు కేసు నమోదు చేశారన్న మరో ముక్క, అంతటితో సరి. అతను ఎవరి ఇంటి చెట్టు ఎక్కాడో, ఎంతకు ఒప్పుకున్నాడో, నడుముకు తాడు వుందో లేదో, ఆ ఇంటివారు తర్వాత ఆ కుటుంబానికి ఏమిచ్చారో ఆ లైన్లలో వుండదు. రాసేవాడికి చోటు వుండదు, చదివేవాడికి తీరిక వుండదు. అలా వదిలేసిన సంగతులే ఇక్కడ కొంచెం మాట్లాడుకుందాం.

శ్రీకాకుళం జిల్లా వారికి, అందులోనూ ఉద్దానం వారికి, చెట్టు విలువ ఒకరు చెప్పనక్కర లేదు. చెట్టు భయమూ చెప్పనక్కర లేదు. 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి వద్ద తీరం దాటిన తిత్లీ కొబ్బరి, జీడి, పనస తోటలను పడుకోబెట్టేసింది. అప్పటి నుంచి అక్టోబరు వస్తున్నదంటే ఇంటి మీదికి వాలిన చెట్టును చూస్తూ నిద్ర పట్టని వారెందరో వున్నారు. ఆ భయం న్యాయమైనదే. కాని ఆ భయంతో ఎవడు దొరికితే వాణ్ణి, ఎంత తక్కువకు వస్తే అంత తక్కువకు చెట్టెక్కించడం న్యాయం కాదు.

బేరం ఎలా సాగుతుందో అందరికీ తెలిసిందే. "పెద్ద చెట్టు బాబూ, పక్కనే కరెంటు తీగ వుంది, ఇద్దరం రావాలి" అంటాడు ఎక్కేవాడు. "అరగంట పనికి ఇద్దరెందుకురా? పక్క ఊరివాడు సగం డబ్బుకే వస్తానన్నాడు" అంటారు ఇంటివారు. చివరకు ఒక్కడే వస్తాడు. డబ్బు తగ్గిందని ఇంటివారికి సంతోషం. ఆ తగ్గిన డబ్బు ఎక్కడ తగ్గింది? కింద నిలబడి తాడు పట్టవలసిన రెండో మనిషి కూలి తగ్గింది. కొమ్మకు మోకు కట్టి మెల్లగా దించవలసిన పని కాస్తా నరికి వదిలేసే పని అయింది. అది పెంకుల మీద పడినా, పొరుగువారి గోడ మీద పడినా, ఎక్కినవాడినే తన్ని కిందికి తోసినా, ఆ రెండో కూలి మిగుల్చుకున్న ఫలితమే.

పెద్ద పట్టణాల్లోనూ, విదేశాల్లోనూ చెట్ల పనికి ప్రత్యేకంగా చదివిన వారున్నారని, వారికి యోగ్యతాపత్రాలు, బీమా కాగితాలు వుంటాయని చదువుతుంటాం. మన ఊళ్లలో చెట్టెక్కేవాడి జేబులో ఏ కాగితమూ వుండదు. అతని చదువంతా చేతుల్లోనూ, పాదాల్లోనూ వుంటుంది. అందుచేత యోగ్యత చూడడం కుదరదని కాదు, చూసే పద్ధతి వేరు.

పని తెలిసినవాడు ముందు డబ్బు మాట ఎత్తడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. మొదలు దగ్గర పుట్టగొడుగులు, తొర్రలు, చెద వున్నాయేమో చూస్తాడు. సిమెంటు రోడ్డుకో, కాలువకో తవ్వినప్పుడు ఒకవైపు వేళ్లు తెగాయా అని అడుగుతాడు. వేళ్లు తెగిన చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, గాలికి ముందు అదే పడుతుంది. తలెత్తి కందిరీగల తుట్టె, తేనెపట్టు, ఎండు కొమ్మలు వెతుకుతాడు. కొమ్మ ఎటు పడుతుందో చేత్తో చూపించి, "అటు పశువుల పాక వుంది కదా, ముందు పశువుల్ని విప్పండి" అంటాడు. వచ్చీ రాగానే మిషన్ తాడు లాగి చప్పుడు చేసేవాడికీ ఇతనికీ తేడా అక్కడే తెలిసిపోతుంది. తుపాను వెళ్లిన మర్నాడు ఆటోలో రంపం మిషన్ వేసుకుని ఊరూరా తిరిగేవారు కొందరుంటారు. మిషన్ వున్నంత మాత్రాన పని వచ్చినట్టు కాదు. నేల మీద దుంగ కోయడం ఒక పని, చెట్టు మీద నిలబడి కోయడం ఇంకో పని.

"మొత్తం తల నరికేస్తే పదేళ్లు చూసుకోనక్కర లేదు" అనేవాణ్ణి మాత్రం గుమ్మంలోంచే పంపేయండి. వేపకో, చింతకో తల నరికితే ఆ మోడు చుట్టూ గుత్తులుగా చివుళ్లు వస్తాయి. అవి పైపైన అతుక్కున్న కొమ్మలు. లావెక్కిన తర్వాత గాలికి ముందు అవే విరుగుతాయి. ఇంటికి ప్రమాదం తప్పిందనుకుంటాం, నాలుగేళ్లలో అంతకంటె పెద్ద ప్రమాదాన్ని పెంచుకుంటాం. తెలిసినవాడు ఏ కొమ్మ తీయాలో ఆ కొమ్మనే తీస్తాడు. బరువైన కొమ్మకు ముందు కింది వైపు కొంత గాటు పెట్టి, ఆ తర్వాత పై నుంచి కోస్తాడు. అలా చేయకపోతే పడే కొమ్మ తనతోపాటు మాను బెరడును కిందివరకూ చీల్చుకుపోతుంది.

కొబ్బరి సంగతి వేరు. దానికి వున్నది ఒక్కటే మొవ్వు, అది పోతే చెట్టు పోయినట్టే. ఎక్కడానికి వీలుగా మానుకు మెట్లలాగ గాట్లు పెట్టేవారున్నారు. మామిడి గాయం కొన్నాళ్లకు బెరడు కమ్ముకుని మానుతుంది, కొబ్బరి గాయం ఎన్నటికీ పూడదు. ఎర్రముక్కు పురుగు గుడ్లు పెట్టేది ఇలాంటి గాయాల్లోనే. తిత్లీ తర్వాత మళ్లీ నాటి, ఇన్నేళ్లు నీళ్లు పోసి పెంచుకున్న చెట్టును పురుగుకు అప్పజెప్పడానికా ఈ తొందర? కాళ్లకు బందం, నడుముకు మోకు వేసుకుని ఎక్కేవాణ్ణి పిలవండి. శుభ్రం పేరిట పచ్చ మట్టలన్నీ కొట్టేసేవాణ్ణి వారించండి. కాపు తగ్గేది మీ చెట్టుకే.

నడుముకు తాడు కట్టుకోవడం నామోషీ అనుకునే కుర్రాళ్లు మన వైపు తక్కువేమీ కాదు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరిట రక్షణ కిట్లు ఇవ్వడం ప్రారంభించింది. తరతరాలుగా తాడిచెట్టు ఎక్కుతున్న వారికే అవి అవసరమైనప్పుడు, పండగకు ఊరొచ్చి సరదాగా చెట్టెక్కే కుర్రవాడికి అక్కర లేదా? ఇక మునగచెట్టు మాటంటారా, దాని మీద ఎవరూ ఎక్కవద్దు. పొగిడి పడేయడాన్ని మునగచెట్టు ఎక్కించడం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

కరెంటు తీగ దగ్గర వున్న చెట్టు పని మీరూ అతనూ మాట్లాడుకుని చేసేది కాదు. లైన్‌మన్‌కు చెప్పి, సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకున్నాకే చెట్టెక్కాలి. 1912కు ఫోను చేసినా విద్యుత్ శాఖ వారికి సమాచారం అందుతుంది. "కరెంటు పోయింది కదా, ఈలోగా కానిచ్చేద్దాం" అన్న మాట ప్రాణం తీసే మాట. పోయిన కరెంటు ఏ నిమిషాన వస్తుందో చెట్టు మీద వున్నవాడికి తెలియదు. కాయలు లాగే దోటికి వెదురు మాని ఇనుప గొట్టం వాడుతున్న ఇళ్లు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. రోడ్డు పక్క చెట్టయితే అది మీ ఇంటి ముందు వున్నా మీది కాదు. మీ పెరటి చెట్టునైనా మొదలంటా కొట్టించాలంటే, 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలా, ఆ జాతికి మినహాయింపు వుందా అన్నది ముందే విచారించుకోవడం మంచిది.

ఇప్పుడు బీమా మాట. ఈ మాట ఎత్తగానే నవ్వేవారున్నారు. "కొబ్బరి దింపడానికి వచ్చేవాడికి బీమా ఏమిటండీ" అంటారు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015 నుంచి వుంది. 18 నుంచి 70 ఏళ్ల లోపు వయసు, బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఖాతా వుంటే చాలు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. రెండు కాళ్లో, రెండు చేతులో, రెండు కళ్లో పోయినా అంతే. ఒక కాలో, చెయ్యో, కన్నో పోతే లక్ష. మన బేరంలో టీ నీళ్లకని ఇచ్చే డబ్బు కంటె ఆ ప్రీమియం తక్కువ.

అయితే ఇందులో రెండు మెలికలున్నాయి. బీమా జూన్ 1 నుంచి మే 31 వరకే. ఏటా ఆ 20 రూపాయలు ఖాతా నుంచి వాటంతటవే పోవాలి. ఆ రోజుల్లో ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది, ఆగిన సంగతి కూలీకి తెలియదు. కాబట్టి "బీమా వుందా?" అని అడిగితే చాలదు. "ఈ ఏడు 20 రూపాయలు కట్ అయినట్టు పాసుపుస్తకంలో పడిందా?" అని అడగాలి. రెండోది మరీ ముఖ్యం. చెట్టు మీద నుంచి పడిన కేసులో, దెబ్బ ఎలా తగిలిందో వెంటనే ఆసుపత్రిలో రాయించిన రికార్డు వుండాలని ఆ పథకం నిబంధనల్లోనే వుంది. మన దగ్గర జరిగేదేమిటి? పడినవాణ్ణి ముందు నాటువైద్యుడికి చూపిస్తారు, కట్టు కట్టిస్తారు. నాలుగు రోజులకు పరిస్థితి విషమిస్తే అప్పుడు పట్నం తీసుకుపోతారు. ఇంటివారి పేరు బయటికి రాకూడదని "మెట్ల మీద జారాడు" అని చెప్పిస్తారు. ఆ ఒక్క అబద్ధంతో ఆ కుటుంబానికి రావలసిన డబ్బు చిక్కుల్లో పడుతుంది.

కాలు విరిగి ఆరు నెలలు మంచాన పడితే ఈ బీమా ఏమీ ఇవ్వదన్నది కూడా చెప్పుకోవాలి. కొబ్బరి చెట్లెక్కే వారి కోసం కొబ్బరి అభివృద్ధి బోర్డు కేర సురక్ష అనే ప్రమాద బీమా నడుపుతోంది. అందులో ఆసుపత్రి ఖర్చుకూ కొంత వస్తుంది, ప్రీమియంలో ఎక్కువ భాగం బోర్డే భరిస్తుంది. కొబ్బరికి పేరుపడ్డ ఉద్దానంలో దింపు కార్మికులెందరు దాని పేరు విన్నారో ఉద్యాన శాఖ వారు ఒక్కసారి తోటల్లోకి వచ్చి అడిగితే బాగుంటుంది.

బీమా వున్నవాణ్ణే పిలవాలంటే ఊళ్లో ఒక్కడూ దొరకడని అనవచ్చు. నిజమే, ఈరోజుకు దొరకడు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి దొరకడు. ఒక వీధిలో పది ఇళ్లవారు అడగడం మొదలుపెడితే వచ్చే జూన్‌కు ఆ ఊరి చెట్లెక్కేవారందరికీ బీమా వుంటుంది. అడగవలసింది డబ్బిచ్చేవాడే. కూలీ తనంతట తాను "నాకు తాడు కావాలి, తోడు కావాలి, బీమా వుంది కాబట్టి వంద ఎక్కువ ఇవ్వండి" అంటే ఆ బేరం పోతుందని అతనికి తెలుసు. పనికి ముందు మందు పోయించే అలవాటు కూడా మానాలి. ధైర్యం వస్తుందని పోయిస్తారు గాని, చెట్టు మీద కావలసింది పట్టు.

తుపానుల కాలానికి ముందే ప్రతి పంచాయతీలోనూ చెట్లెక్కే వారి పట్టిక ఒకటి తయారుచేసి నోటీసు బోర్డులో పెట్టవలసిందిగా కార్యదర్శులను, సర్పంచులను కోరుతున్నాం. ఊరికి ఎంతమంది వుంటారు, ఐదుగురో పదిమందో. ఒక పూట పని. వారిలో బ్యాంకు ఖాతా నడవని వారుంటే అదే పూట బ్యాంకు మిత్రను పిలిపించి సరిచేయించవచ్చు. ఆ పట్టికలో ఎక్కేవారి పేరు, ఫోను నంబరుతోపాటు లైన్‌మన్ నంబరు, ఈ ఏడాది బీమా ప్రీమియం కట్ అయిన తేదీ కూడా రాయాలి.