రిజర్వు: ఎవరి కొఱకు?

రిజర్వు అను ఆంగ్లపదము నేడు తెలుగుమాటవలెనే చెల్లుచున్నది. రైలులో రిజర్వు చేసికొన్న ఆసనము మనకై వేచియుండును. మోటారుసైకిలు రిజర్వులో పడినదన్న పెట్రోలు అడుగంటినదని యర్థము. రిజర్వు బ్యాంకు దేశపు నిలువధనమును కాచును. మన నాగర్‌కర్నూలు లోకసభాస్థానము షెడ్యూల్డు కులములవారికి రిజర్వు. మితభాషిని గూడ ఇంగ్లీషువారు ఈ మాటతోనే పేర్కొందురు గాని, ఆ యర్థము మనకంతగా నంటలేదు. మనలో నట్టివారు తక్కువ కాబోలు!

వీనిలో దాచినది ఎవరికొఱకో అడుగ నక్కఱలేదు. అచ్చంపేట విడిచి మన్ననూరు చెక్‌పోస్టు దాటినంతనే ఆ స్పష్టత మాయమగుచున్నది.

1940 ప్రాంతమున అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించి, 1943లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించిన హైమెండార్ఫు పండితుని సిఫారసుపై, నిజాము ప్రభుత్వము దాదాపు లక్ష యెకరముల యడవిని చెంచుల రిజర్వుగా నేర్పఱచెను. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల రిజర్వు వెలసెను. రాష్ట్రవిభజనానంతరము మన వైపు భాగము 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాదు పులుల రిజర్వు అయినది. పదము మాఱలేదు. దాని వెనుకనున్న చతుర్థీవిభక్తి మాత్రము చెంచును విడిచి పులిని పట్టుకొన్నది.

మేము పులికి శత్రువులము కాము. కాని పులి పేరిట మూసిన తలుపు మఱియొకరికి తెఱచుకొనుట చూచితిమి. 2019 మే నెలలో ఈ రిజర్వులోనే 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము అన్వేషణకు కేంద్ర అటవీ సలహాసంఘము సూత్రప్రాయముగా సమ్మతించెను. చెంచు గొడ్డలికి నిషిద్ధమైన నేల బోరు యంత్రమునకు ఎట్లు చెల్లెను? ప్రజలు లేచిరి, సెప్టెంబరులో శాసనసభ ప్రతికూలతీర్మానము చేయవలసివచ్చెను.

తెలుగుచేయువారి దోషమును గలదు. 1927 నాటి అటవీచట్టమున రిజర్వు అడవి వేఱు, ప్రొటెక్టెడు అడవి వేఱు. మొదటిదానిలో అనుమతించినవి తప్ప తక్కినవన్నియు నిషిద్ధములు. రెండవదానిలో నిషేధించినవి తప్ప తక్కినవన్నియు చెల్లును. ఇంత యంతరమున్న రెంటిని పత్రికలు రక్షితారణ్యమను నొక్క మాటతో సరిపుచ్చుచున్నవి. మేమును ఆ తప్పు చేసినవారమే. అభయారణ్యమను పేరు మఱింత సొగసైనది. తేనెకు, గడ్డలకు పోవు చెంచు ఉద్యోగిని జూచి జంకెడుచోట అభయ మెవరికి?

ఇప్పుడు స్వచ్ఛంద పునరావాసమను మాట వినవచ్చుచున్నది. పులుల ముఖ్యస్థావరమును వీడు కుటుంబమునకు పూర్వము 10 లక్షలుగా నున్న పరిహారమును 2021లో 15 లక్షలకు పెంచిరి. సొమ్ము పెరిగినది, మంచిదే. కాని 2006 నాటి అటవీహక్కుల చట్టము మొదట హక్కులు తేల్చుమనుచున్నది, పిమ్మట తెలిసి యిచ్చిన గ్రామసభ సమ్మతి కోరుచున్నది. పదమే తెలియని చోట తెలిసి యిచ్చుట యెట్లు? సమ్మతిపత్రముపై వేలిముద్ర పడకమునుపే, అందు రిజర్వు అను మాట వచ్చిన ప్రతిచోట, ఎవరి కొఱకు, ఏ పనికి నిషేధము, చెంచునకు మిగులు హక్కేది యని తెలుగున విప్పి వ్రాసి, ప్రతి పెంటలోను చదివి వినిపింపవలెనని అటవీశాఖవారిని కోరుచున్నాము.