తక్కువ తిరిగిందని మురిసిపోకండి

‘ఒకే యజమాని, ఇంటికీ ప్లాంటుకూ తప్ప తిరగలేదు.’ భిలాయ్ ఉక్కు టౌన్‌షిప్‌లో పాత కారు అమ్మేవారికి ఇంతకన్నా గొప్ప మాటేముంటుంది? కానీ మీటరు చూపేది దూరాన్నే, వయసును కాదు. ఏళ్ల తరబడి ఎండలో నిలిచిన కారుకు టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు తిరగకపోయినా గట్టిపడి పగుళ్లిస్తాయి.

2008లో మన మార్కెట్లోకి వచ్చిన హోండా సిటీ ఐవీటెక్‌నే చూడండి. ఇంజన్‌కు టైమింగ్ చైన్ ఉంది కనుక బెల్టు మార్చే ఖర్చు లేదు. వేళకు ఆయిల్ మారిస్తే సాధారణంగా మొరాయించదు. అసలు ప్రమాదం కంటికి కనపడదు. టకాటా ఎయిర్‌బ్యాగ్ లోపంతో 2012లో తయారైన సిటీ సహా 41 వేలకు పైగా కార్లను హోండా 2017 జనవరిలో వెనక్కి పిలిచింది. వాటిలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు చెడిపోతే, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే వేళ ఇన్‌ఫ్లేటర్ పగిలి లోహపు ముక్కలు దూసుకొస్తాయి. ప్రాణం కాపాడాల్సినదే ప్రాణం తీస్తుంది. భిలాయ్ ఎండలు చూసిన కారు, యజమాని రిటైరయ్యాక విశాఖ ఉక్కపోతకు చేరితే రెండు దెబ్బలూ తగిలినట్లే.

అందుకే ముందు చాసిస్ నంబరుతో కంపెనీ దగ్గర ఆరా తీయండి. రీకాల్‌లో ఉంటే మార్పిడి ఉచితం. సీజీ-07 కారుకు ఎన్‌ఓసీ, 15 ఏళ్ల రిజిస్ట్రేషన్‌లో మిగిలిన గడువు ఆ తర్వాతి లెక్కలు. బేరం అన్నిటికన్నా చివర.