స్థలం లేనివారికి ఇల్లెలా?

పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015 జూన్‌లో మొదలైంది. సొంత జాగాలో ఇల్లు కట్టుకునే పేద కుటుంబానికి కేంద్రం అప్పుడు ఇచ్చిన సాయం లక్షన్నర రూపాయలు. 2024లో వచ్చిన రెండో విడతలోనూ చాలా రాష్ట్రాలకు కేంద్రం వాటా అదే లక్షన్నర. ఈ తొమ్మిదేళ్లలో సిమెంటు, ఇనుము, కూలి ఎంత పెరిగాయో ఇల్లు కట్టినవారిని అడిగితే చెబుతారు. రాష్ట్రాలు కనీసం మరో లక్ష కలపాలన్న షరతు మాత్రం కొత్తగా పెట్టారు.

డబ్బు కంటే పెద్ద చిక్కు భూమి. తొలి విడతలో మంజూరైన సుమారు 1.18 కోట్ల ఇళ్లలో ఎక్కువ భాగం లబ్ధిదారు తన స్థలంలో తానే కట్టుకునేవి. నగరంలో సెంటు జాగా ఉన్నవాడు, ఎంత పేదైనా, అద్దె గదిలో ఉండే కూలీ కంటే ఒక మెట్టు పైనున్నట్టే. మురికివాడలను ఉన్నచోటే తిరిగి కట్టే విభాగానికి దక్కింది స్వల్పం.

2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు కాలినడకన ఊళ్లు పట్టాక అద్దె ఇళ్ల పథకం తెచ్చారు. ప్రభుత్వాలు కట్టి ఖాళీగా వదిలేసిన సుమారు 83 వేల ఇళ్లను అద్దెకివ్వాలన్నారు. అలా మారినవి కొన్ని వేలే. పనులకు దూరంగా, సరైన వసతులు లేని చోట కట్టడం వల్లే వాటిలో చాలా ఇళ్లు ఖాళీగా మిగిలాయి మరి.

రెండో విడతలోనూ అద్దె విభాగం ఉంది. కానీ భూమి రాష్ట్రాల చేతిలోది. ఉపాధి ఉన్న చోట సర్కారు భూములకు వేలం పాటలు పెడుతున్నారు. 2023 ఆగస్టులో హైదరాబాద్ కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ ధర పెట్టి కొన్నవారు కూలీల కోసం ఇళ్లు కట్టరు.