మిషన్ తిరగదని చెల్లెలి వాటా ఆపుకోవాలా?

యర్రగుంట్ల మండలం చిలమకూరు అంటే బయటివాళ్లకు సిమెంటు ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. అక్కడి నుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు పోతే కనబడేది నల్లరేగడి. అక్టోబరు, నవంబరులో బుడ్డశనగ వేస్తారు, జనవరి, ఫిబ్రవరిలో కోతకొస్తుంది. దున్నకం, విత్తడం, నూర్పిడి, ఇప్పుడు చాలా వరకు బాడుగ యంత్రాల మీదే. గంటల లెక్కన బాడుగ అయితే ట్రాక్టర్ గట్టు దగ్గర మలుపు తిరిగే టైముకు కూడా డబ్బు మనమే కడతాం.

ఈ మలుపుల మాట మన ఇళ్లలో ఇంకో చోట కూడా వినబడుతుంది. అబ్బా పోయాక విరాసత్ పంచుకునే రోజున ఎవరో ఒకరు అంటారు: "ఆడపిల్లలకు కూడా కోసిస్తే చేను పీలికలైపోతుంది భాయ్, మిషన్ తిరగదు. చేతిలో ఇంత పెట్టి సంతకం తీసుకుందాం." ఈ మాటలో కొంత నిజముంది. ఎంత నిజమో లెక్క వేసి చూద్దాం.

8 ఎకరాల చేను. పొడవు 352 గజాలు, వెడల్పు 110 గజాలు, దారి వెడల్పు వైపున ఉందనుకోండి. వారసులు భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. అప్పులు, వసీయత్ లేవు, తల్లిదండ్రులు ముందే పోయారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 ఎకరం. మిగిలిన 7 ఎకరాల్లో ఒక్కో కొడుక్కు సుమారు 2 ఎకరాల 33 సెంట్లు, ఒక్కో కూతురికి 1 ఎకరం 17 సెంట్లు.

చేను ఒకటిగా ఉంటే 6 అడుగుల కల్టివేటర్ పొడవునా 55 సాళ్లు పోతుంది, 54 సార్లు తిరుగుతుంది. అడ్డంగా ఐదు ముక్కలు కోసి గట్లు పోస్తే ఒక్కో సాలు 110 గజాలకే ఆగిపోతుంది. సాళ్లు 176 దాకా అవుతాయి, మలుపులు మూడింతలు దాటుతాయి. పైగా వెనక ముక్కవాళ్లు ముందువాళ్ల పైరు ఎత్తేదాకా మిషన్ దింపలేరు. చాలా ఇళ్లలో జరుగుతున్నది ఇదే. తప్పు కోతది, చెల్లెలి వాటాది కాదు.

అదే చేనును పొడవునా పంచండి. తల్లి వాటా వెడల్పు 41 అడుగులు, కూతురిది 48, కొడుకుది 96. అందరి కొనలూ దారికి తగులుతాయి, సాలు పొడవు 352 గజాలు అలాగే ఉంటుంది. అన్నిటికన్నా సన్నదైన తల్లి వాటాలో కూడా 14 అడుగుల కోత మిషన్ మూడు సార్లు పోతే పని అయిపోతుంది. అయితే ఇక్కడ గట్లు పోస్తే దెబ్బ తింటాం. 3 అడుగుల గట్టు, 352 గజాలు, నాలుగు గట్లకు కలిపి 29 సెంట్లు పోతాయి. కాబట్టి గట్టు వద్దు, రెండు కొనలా రాళ్లు పాతితే చాలు. బండలకు పేరున్న ఈ జిల్లాలో రాయి దొరకదా!

ఒక జాగ్రత్త ఉంది. రేగడిలో దున్నకం వాలుకు అడ్డంగా పోవాలి. చేను పొడవు వాలు వెంబడే ఉంటే వాన నీరు సాళ్లలో పడి మట్టిని కోసుకుపోతుంది. అప్పుడు అడ్డంగానే పంచి, పక్కన బండి దారి వదలాలి. పులివెందుల వైపు చీనీ, అరటి తోటల కథ వేరు, అక్కడ గొడవ బోరు నీళ్ల దగ్గర మొదలవుతుంది.

పంచుకున్నాక కూడా ఒకే వారం, ఒకే రకం విత్తితే మిషన్ ఒక్కసారి వచ్చి పోతుంది. పాత జేజీ 11 పొట్టిగా పెరుగుతుంది, కాయ నేలకు దగ్గరుంటుంది కాబట్టి మిషన్‌కు సరిగా అందదు. నంద్యాల పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్‌బీఈజీ 47 నిటారుగా, ఎత్తుగా పెరిగేది, మిషన్ కోతకు అనువైనది. అన్న ఒకటి, తమ్ముడు ఒకటి వేస్తే చేను కలిసున్నా లాభం లేదు.

ఇక చట్టం. 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని పక్కన పెట్టిందని కొందరు చెబుతారు, అది నిజమే. కానీ 1949లో మద్రాసు రాష్ట్రం ఆ మినహాయింపును తీసేసింది. కడప అప్పుడు మద్రాసులోనే ఉంది. కాబట్టి మన చేలలో కూతురి వాటా దీన్‌లోనూ ఉంది, చట్టంలోనూ ఉంది. ఆమె ఇష్టపడి, విలువ తెలుసుకుని అమ్మితే వేరు సంగతి. "మిషన్ తిరగదు" అని భయపెట్టి సంతకం తీసుకోవడం వేరు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు, అంటే 2 ఎకరాల 32 సెంట్లు. ఇది అన్ని మతాలవాళ్లదీ కలిపిన లెక్క. చేను చిన్నదవడం మన ఆడపిల్లల వల్ల వచ్చింది కాదు. పంజాబ్‌లో 1948 చట్టంతో చెదిరిన ముక్కలను మార్పిడి చేసి ఒకచోటికి చేర్చారు, ట్రాక్టర్లకు అది బాగా కలిసొచ్చింది. ఇక్కడ ఆ పని ప్రభుత్వం చేసేదాకా కాచుకోనక్కరలేదు, ఒక ఇంటివాళ్లు కూర్చుంటే చేసుకోవచ్చు.

కాగితం మాత్రం పక్కాగా ఉండాలి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో చాలామంది భూములు జాయింట్ ఎల్‌పీఎం నంబర్లలో పడి, అమ్మకానికీ లోన్‌కూ ఇబ్బంది పడ్డారు. "అన్నదమ్ములమే కదా" అని ఉమ్మడిగా వదిలేయకండి. పంపకం రిజిస్టర్ చేయించి, సబ్‌డివిజన్‌లో తల్లి పేరు, చెల్లెళ్ల పేర్లు విడివిడిగా ఎక్కించండి. చెల్లెలు ప్రొద్దుటూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటే అన్నే ఆ వాటా గుత్తకు చేసుకోవచ్చు. ఏడాదికి ఎంత, ఏ నెలలో ఇవ్వాలి అన్నది తెల్ల కాగితం మీదైనా రాసి, ఇద్దరి సంతకాలు పెట్టుకోండి. సర్వేయర్‌ను పిలవడానికి శనగ కోత అయిపోయి చేను ఖాళీగా ఉండే ఎండాకాలమే సరైన టైము.